'మొదటి భార్య' అన్న మాట వెనక డోరా గెర్సన్

ఫైట్ హార్లాన్ అనే జర్మన్ సినిమా దర్శకుడి గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. అతని మూడు పెళ్లిళ్ల గురించిన పేరా అది. మొదటి భార్య పేరు డోరా గెర్సన్ అనీ, యూదు నటి అనీ, ఆష్విట్జ్‌లో చనిపోయిందనీ ఉంది. ఆ వెంటనే రెండో పెళ్లి సంగతి మొదలైంది. రెండు కామాల మధ్య ఒక స్త్రీ పుట్టి, పనిచేసి, హత్యకు గురై వెళ్లిపోయింది.

నా నోట్సు కార్డు మీద నేను కూడా అదే వరసలో రాసుకున్నాను. పేరు, ఆ పక్కన 'హార్లాన్ మొదటి భార్య', ఆ తర్వాత 'నటి', ఆ తర్వాత చనిపోయిన సంవత్సరం. రాశాక తేదీలు సరిచూసుకున్నాను. వాళ్ల పెళ్లి 1922లో అయింది. 1924లో విడాకులయ్యాయి. ఆమె బతికింది నలభై నాలుగేళ్లకు ఒక నెల తక్కువ. ఒక మగవాడితో రెండేళ్లు కాపురం చేసిన పాపానికి మిగిలిన జీవితమంతా ఆ రెండేళ్లకు తోకగా మిగిలింది.

ఇదేదో జర్మన్ పుస్తకాల జబ్బు అనుకుని వదిలెయ్యడానికి లేదు. మనం రోజూ నింపే కాగితాల్లో 'వైఫ్ ఆఫ్' అనే గడి ఉంటుంది కదా. పిహెచ్.డి. కోసం ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నావళి నింపిన రోజుల్లో ఒకామె నన్నడిగింది: "ఆయన వదిలేసిపోయి పన్నెండేళ్లయిందమ్మా. పిల్లల్ని పెంచింది నేను, కూలికిపోయేది నేను. ఆయన పేరెందుకు రాస్తారు?" నా దగ్గర సమాధానం లేదు. గడి ఖాళీగా వదిలితే ఆ ఫారం చెల్లదని మా మేడమ్ చెప్పారు కాబట్టి రాసేశాను. డోరా కార్డు చూసుకున్నప్పుడు ఆమె మాటే గుర్తొచ్చింది. అందుకే ఈ వ్యాసంలో ఆమె కథను పనిమనిషి కథగా, అంటే పనిచేసి బతికిన మనిషి కథగా చెప్పాలనుకుంటున్నాను. పనిచేసే హక్కు పోవడంతో మొదలైన దారి గ్యాస్ చాంబర్ దాకా ఎలా పోయిందో అప్పుడు గానీ మనకు కనపడదు.

డోరా 1899 మార్చి 23న బెర్లిన్‌లో పుట్టింది. అసలు పేరు డొరోతేయా. ఆమె ఈడు ఆడపిల్లలు పెరిగి పెద్దయ్యే కాలానికి జర్మనీలో చాలా మారింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి, చక్రవర్తి పారిపోయి, 1918 నవంబరులో స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. 1919 జనవరి ఎన్నికల్లో 37 మంది స్త్రీలు జాతీయ సభకి ఎన్నికయ్యారు. ఓటుకు ఇరవై ఏళ్లు నిండాలి. డోరాకి రెండు నెలలు తక్కువైంది. ఆ సభ రాసిన వైమార్ రాజ్యాంగం పౌరహక్కుల్లో స్త్రీపురుషులు 'సూత్రరీత్యా' సమానమంది. ('సూత్రరీత్యా' అనే మాట ఎంత సౌకర్యమైందో చట్టాలతో కుస్తీపట్టే మనకి వేరే చెప్పక్కర్లేదు.) లోపాలెన్నున్నా, తల్లి తరం చూడని దారులు ఆ తరం ఆడపిల్లలకి తెరుచుకున్నాయి. ఆఫీసులు, విశ్వవిద్యాలయాలు, నాటకరంగం, కొత్తగా వచ్చిన సినిమా. డోరా నటి అయింది, గాయని అయింది.

1920లో ఆమె రెండు మూకీ సినిమాల్లో నటించింది. కార్ల్ మై అనే రచయిత రాసిన సాహస కథల ఆధారంగా తీసినవి అవి. ఒకటి 'స్వర్గ శిథిలాల మీద', రెండోది 'మృత్యు బిడారు' అని చెప్పుకోవచ్చు. అవి తీసిన కంపెనీ పేరు ఉస్తాద్ ఫిల్మ్. హైదరాబాదు వాళ్లకి నవ్వొచ్చే పేరు. కార్ల్ మై కథల్లో అరబ్బు, పర్షియా దేశాల తిరుగుళ్లు ఎక్కువ, ఆ మోజులోంచి వచ్చిన పేరది. ఈ కంపెనీ పెట్టినవాళ్లలో మరీ లూయిజె ద్రూప్ అనే రచయిత్రి ఒకరు. ఆ కాలంలోనే ఒక స్త్రీ సినిమా కంపెనీ పెట్టి, కథలు రాసి నడిపించిందన్నమాట. ఆమె గురించి మరెప్పుడైనా రాయాలి.

ఈ రెండు సినిమాల ప్రింట్లు ఇవాళ దొరకవు. పోయిన సినిమాల జాబితాలో మాత్రం వాటికి కాస్త పేరుంది. కారణం డోరా కాదు. తర్వాత హాలీవుడ్‌లో డ్రాకులాగా ప్రపంచ ప్రసిద్ధుడైన బేలా లుగోసీ అప్పట్లో హంగరీ నుంచి పారిపోయి వచ్చి జర్మనీలో ఉన్నాడు, ఈ సినిమాల్లో వేషం కట్టాడు. అతని అభిమానులు వాటికోసం వెతుకుతూ ఉంటారు. అంటే డోరా పేరు బతికున్న రెండు చోట్లా ఆమె మరొకరి పక్కన నిలబడి ఉంది. ఒక చోట హార్లాన్ పక్కన, ఇంకో చోట లుగోసీ పక్కన.

నటీనటుల సంచార బృందంలో పనిచేస్తున్న రోజుల్లో హార్లాన్‌తో పరిచయమై పెళ్లయింది. అప్పటికి అతనూ నటుడే, దర్శకుడు కాదు. ఇక్కడ ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. వాళ్ల విడాకులు హిట్లర్ అధికారానికి రావడానికి తొమ్మిదేళ్ల ముందటివి. యూదు స్త్రీ కాబట్టి వదిలేశాడని చెప్పడం కథకి రక్తి కట్టిస్తుందేమో గాని, అది అబద్ధపు సాక్ష్యం అవుతుంది. అలాంటి సాక్ష్యాల అవసరం మనకి లేదు.

విడాకుల తర్వాత డోరా తన పని తను చేసుకుంది. నాటకాలు వేసింది, క్యాబరేలో పాడింది. క్యాబరే అనగానే మనకి తెలుగు సినిమాల్లో క్లబ్ డాన్సు గుర్తొస్తుంది. బెర్లిన్ క్యాబరే అదొక్కటే కాదు. చిన్న హాలు, బల్లల చుట్టూ కూర్చున్న జనం, వేదిక మీద ఒకరో ఇద్దరో. పాట, హాస్యం, నాయకుల మీద విసుర్లు, మధ్యతరగతి పెద్దమనిషితనం మీద వెక్కిరింత. పొద్దున పేపర్లో వచ్చిన వార్త రాత్రికి పాటయ్యేది. ఆడవాళ్లు నిలబడి రాజకీయాల గురించి, శరీరం గురించి, పెళ్లి గురించి నలుగురిలో ఎగతాళిగా మాట్లాడగలిగిన చోటు అది. అధికారానికి రాగానే నాజీలు అలాంటి చోట్ల మీద పడ్డారంటే ఆశ్చర్యం లేదు.

1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. రెండు నెలలు తిరక్కముందే, మార్చి 29న, జర్మనీలో అతి పెద్ద సినిమా కంపెనీ ఊఫా తన దగ్గర పనిచేసే యూదుల్ని తీసెయ్యాలని తీర్మానించింది. అప్పటికింకా అలా చెయ్యమని ఏ చట్టమూ లేదు. యూదుల్ని ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించే చట్టం వచ్చింది ఏప్రిల్ 7న. ప్రైవేటు కంపెనీ చట్టంకంటే ముందే పరిగెత్తింది. సెప్టెంబరులో సంస్కృతి మండలి ఏర్పడింది. అందులో సభ్యత్వం లేకపోతే నటించడానికి, పాడడానికి, రాయడానికి వీల్లేదు. యూదులకి సభ్యత్వం రాదు. ఎవర్నీ కొట్టలేదు, జైల్లో పెట్టలేదు, కార్డు ఇవ్వలేదు అంతే. కార్డు లేని నటి ఇంట్లో కూచోవాలి.

హింస అనగానే మనం దెబ్బల్ని లెక్కపెడతాం. ఒక మనిషి చేతిలోంచి పని లాక్కోవడాన్ని హింసగా నమోదు చెయ్యడానికి మన కేసు ఫైళ్లలో ఇవాళ్టికీ సరైన చోటు లేదు. డోరా మరణానికి మొదటి తారీఖు వెయ్యమంటే నేను 1943 వెయ్యను, 1933 వేస్తాను.

పని పోయిన యూదు కళాకారులు తమకోసం తామే సంఘం పెట్టుకున్నారు. 1933లో పుట్టిన యూదు సాంస్కృతిక సంఘాన్ని నాజీ ప్రభుత్వం అనుమతించింది. షరతులున్నాయి. కళాకారులందరూ యూదులే కావాలి, చూసేవాళ్లూ యూదులే కావాలి, గుర్తింపు కార్డుంటేనే లోపలికి రావాలి. ప్రతి కార్యక్రమానికీ ముందే అనుమతి తెచ్చుకోవాలి. షిల్లర్, గేటె, బేతోవెన్ లాంటి 'జర్మన్' ప్రతిభని యూదులు ముట్టుకోకూడదని క్రమంగా అవీ నిషేధించారు. దీన్ని వెలివాడ అనక ఏమంటాం? ఆ వెలివాడలో కూడా సంగీతం, నాటకం 1941 సెప్టెంబరులో సంఘాన్ని పూర్తిగా మూసేసేదాకా నడిచాయి.

ఈ కాలంలోనే లుక్రాఫోన్ అనే చిన్న యూదు రికార్డు కంపెనీకి డోరా పాటలు పాడింది. జర్మన్‌లో పాడింది, యిద్దిష్‌లో పాడింది. అందులో ఒక పాట పేరు 'ఫోర్‌బై'. అయిపోయింది, గడిచిపోయింది అని అర్థం. ఆమె సినిమాలు మూకీలు, అవి పోయాయి. గొంతు మాత్రం గ్రామఫోను పళ్లేల మీద మిగిలింది. యూదు కంపెనీల రికార్డులు కూడా సులభంగా దక్కలేదు. ఆ కాలపు మరో కంపెనీ సెమర్ గోదాం 1938 నవంబరు అల్లర్లలో నాశనమైంది. మిగిలినవాటిని దశాబ్దాల తర్వాత ఒకటొకటిగా వెతికి పోగుచేసి 2001లో సి.డి.లుగా తెచ్చారు. ఆ పెట్టెకి డోరా పాట పేరే పెట్టారు.

1935 సెప్టెంబరు 15న న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చాయి. వీటిని జాతి చట్టాలుగానే మనం చదువుకున్నాం. స్త్రీలుగా మళ్లీ ఒకసారి చదవాలి. ఒక చట్టం పేరులోనే 'జర్మన్ రక్తం, జర్మన్ గౌరవం' రక్షణ అని ఉంది. యూదులకీ జర్మన్లకీ మధ్య పెళ్లిళ్లు నిషేధం. పెళ్లి బయట సంబంధాలూ నిషేధం. యూదుల ఇళ్లలో 45 ఏళ్లలోపు జర్మన్ స్త్రీలు పనికి ఉండకూడదు. నలభై అయిదు ఎందుకో అర్థమైంది కదా! పిల్లల్ని కనే వయసు దాటాక రాజ్యానికి ఆ స్త్రీ రక్తంతో పనిలేదు. ఇంకా చూడండి. పెళ్లి బయట సంబంధానికి చట్టంలో శిక్ష మగవాడికే రాసి ఉంది. స్త్రీ మీద జాలితో పెట్టిన మినహాయింపు అనుకోకూడదు. ఆమెకి సొంతంగా ఇష్టమూ నిర్ణయమూ ఉంటాయని చట్టం ఒప్పుకోలేదు. సొత్తుకి నేరం అంటదు, దొంగకే అంటుతుంది. అయితే చట్టం వదిలిన ఆ స్త్రీల మెడలో అట్టలు కట్టి వీధుల్లో తిప్పడానికి మాత్రం ఎవరికీ అడ్డు లేకపోయింది.

1936లో డోరా బంధువులతో కలిసి హాలెండు వెళ్లిపోయింది. అక్కడ ఆమె కుటుంబం మాక్స్ స్లోయిజర్‌తో. 1937 నవంబరు 19న కూతురు మిరియం పుట్టింది. రెండో కాన్పుకి నెలలు నిండి ఉన్నప్పుడు, 1940 మే 10న, జర్మన్ సేనలు హాలెండులోకి వచ్చాయి. అయిదు రోజుల్లో దేశం లొంగిపోయింది. మే 21న కొడుకు అబెల్ పుట్టాడు. దాడి మొదలైన పదకొండో రోజు. ఏ దేశం నుంచి పారిపోయి వచ్చిందో ఆ దేశం సైన్యం ఊళ్లో తిరుగుతుండగా కాన్పు.

ఆ తర్వాత జరిగినవన్నీ మళ్లీ కాగితాలే. 1941 నవంబరులో ఒక ఉత్తర్వుతో, జర్మనీ బయట ఉంటున్న యూదులందరి జర్మన్ పౌరసత్వం రద్దయింది. 1942 మేలో హాలెండులోని యూదులు పసుపు నక్షత్రం కుట్టుకు తిరగాలన్నారు. ఆ జులైలో తూర్పుకి రైళ్లు మొదలయ్యాయి. డోరా, మాక్స్ పిల్లల్ని తీసుకుని స్విట్జర్లాండు చేరాలని ప్రయత్నించారు. పట్టుబడ్డారు. ఒకవేళ సరిహద్దు దాకా వెళ్లగలిగినా ఏమయ్యేదో చెప్పలేం. 1942 ఆగస్టులో స్విస్ ప్రభుత్వం జాతి కారణంగా మాత్రమే పారిపోయి వచ్చేవాళ్లని రాజకీయ కాందిశీకులుగా గుర్తించేది లేదని సరిహద్దు మూసేసింది. 1938లో జర్మన్ యూదుల పాస్‌పోర్టుల మీద 'జె' అనే ముద్ర పడింది కూడా స్విట్జర్లాండుతో జరిగిన సంప్రదింపుల ఫలితంగానే. తటస్థ దేశం అనే మాటని చరిత్ర పుస్తకాల్లో చదివినప్పుడు ఈ ముద్రని కూడా గుర్తుపెట్టుకోవాలి.

1943 ఫిబ్రవరి 14న ఆష్విట్జ్‌లో నలుగురినీ చంపేశారు. మిరియంకి అయిదేళ్లు. అబెల్‌కి ఇంకా మూడు నిండలేదు.

ఆష్విట్జ్‌లో రైలు దిగగానే మనుషుల్ని రెండుగా విడదీసేవాళ్లు. పనికొచ్చేవాళ్లు ఒకవైపు, పనికిరానివాళ్లు ఇంకోవైపు. చిన్నపిల్లలున్న తల్లులు, ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే, పిల్లలతోపాటే నేరుగా గ్యాస్ చాంబర్‌కి. పిల్లల్ని లాగేస్తే తల్లులు గోల చేస్తారు, పని ఆగుతుంది కాబట్టి అలా చేశారు. చాలాకాలం ఈ మారణకాండ చరిత్రలో స్త్రీల సంగతి విడిగా మాట్లాడడం తప్పన్నట్టుగా ఉండేది. అందరూ చనిపోయారు కదా, ఆడామగా ఏమిటి అన్నారు. 1980లలో జోన్ రింగెల్‌హైమ్ లాంటి స్త్రీవాద పరిశోధకులు ఆ ప్రశ్న వేశాకే తల్లితనం ఆ ప్లాట్‌ఫారం మీద మరణశిక్షగా ఎలా మారిందో చర్చకి వచ్చింది.

డోరా హత్య జరిగిన రెండు వారాలకి బెర్లిన్‌లో ఒక సంఘటన జరిగింది. జర్మన్ భార్యలున్న యూదు మగవాళ్లని పట్టుకెళ్లి రోజెన్‌స్ట్రాసె అనే వీధిలో ఒక భవనంలో పెట్టారు. భార్యలు వచ్చి ఆ వీధిలో నిలబడ్డారు. మా మొగుళ్లని మాకిచ్చెయ్యండని రోజుల తరబడి చలిలో నిలబడ్డారు. మార్చి మొదటి వారంలో మగవాళ్లని విడిచిపెట్టారు. నిరసన వల్లనే విడిచిపెట్టారా, అసలు వాళ్లని పంపే ఉద్దేశమే లేదా అన్నదాని మీద చరిత్రకారుల్లో వాదం ఉంది. ఆ స్త్రీల ధైర్యం గురించి వాదం లేదు. ఈ కథ మన సభల్లో చెప్పుకోవాల్సినదే. అయితే అది చెప్పినప్పుడల్లా నాకు డోరా గుర్తొస్తుంది. రోజెన్‌స్ట్రాసె మగవాళ్లు బతికింది, ఎవరి భర్తలన్న లెక్క మీద. యూదు భర్త ఉన్న యూదు స్త్రీ కోసం వీధిలో నిలబడడానికి చట్టం ఎవర్నీ మిగల్చలేదు.

ఇప్పుడు హార్లాన్ దగ్గరికి రాక తప్పదు. అతను నాజీ కాలంలో ప్రముఖ దర్శకుడయ్యాడు. 1940 సెప్టెంబరులో అతని సినిమా 'యూద్ స్యూస్' విడుదలైంది. పద్దెనిమిదో శతాబ్దపు ఒక యూదు అధికారి కథని వక్రీకరించి తీసిన విషపు సినిమా. దాదాపు రెండు కోట్ల మంది చూశారు. పోలీసులు, ఎస్.ఎస్. దళాలు తప్పక చూడాలని హిమ్లర్ ఆదేశించాడు. 1960లలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన ఆష్విట్జ్ విచారణలో, ఈ సినిమా చూపించాక ఖైదీలను మరింత హింసించేవాళ్లని ఒక మాజీ ఎస్.ఎస్. కాపలాదారు ఒప్పుకున్నాడు.

కథలో కీలకం ఏమిటో వినండి. యూదు అధికారి ఒక క్రైస్తవ యువతి మీద అత్యాచారం చేస్తాడు. ఆమె నీళ్లలో మునిగి చనిపోతుంది. ఆమె శవాన్ని మోసుకొచ్చిన మగవాళ్లు ఆగ్రహంతో లేచి, అధికారిని ఉరితీసి, ఊళ్లోంచి యూదులందర్నీ వెళ్లగొడతారు. ఆ యువతికి బతికే అవకాశం కథలో లేదు. బతికితే మగవాళ్ల కోపానికి ఆధారం ఉండదు. న్యూరెంబర్గ్ చట్టంలోని 'జర్మన్ గౌరవం' తెర మీద శవమై ఊరేగింది. 'మన ఆడవాళ్ల మానం' అనే మాట ఎప్పుడెప్పుడు ఎవరి నోట వినిపిస్తుందో, ఆ వెంటనే ఎవరి ఇళ్లు తగలబడతాయో మనకి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఆ యువతి వేషం వేసింది హార్లాన్ మూడో భార్య క్రిస్టీనా సోడర్‌బావుమ్. పాత్ర పేరు డొరోతేయా. ఇది కావాలని పెట్టిన పేరని నేను అనడం లేదు, జర్మన్లలో మామూలు పేరే. అయినా అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మంచి భర్తల సంగతి కూడా చెప్పాలి. యోఆఖిమ్ గాట్‌షాల్క్ ఆ కాలపు ప్రసిద్ధ కథానాయకుడు. భార్య మేటా వోల్ఫ్ యూదు స్త్రీ. విడాకులివ్వమని ఎంత ఒత్తిడి వచ్చినా ఇవ్వలేదు. భార్యనీ కొడుకునీ పంపించెయ్యబోతున్నారని తెలిసి, 1941 నవంబరు 6న ముగ్గురూ ఇంట్లోనే గ్యాసుతో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1947లో ఈ కథ ఆధారంగా కుర్ట్ మేట్జిగ్ సినిమా తీస్తే జనం విరగబడి చూశారు. గాట్‌షాల్క్ గొప్పతనాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే మేటా వోల్ఫ్ కూడా నటే. ఆమెను వేదిక దించేశారు. ఆమె ఏ పాత్రలు వేసిందో అడిగేవాళ్లు తక్కువ. 'భార్య కోసం ప్రాణమిచ్చిన నటుడు' అనే వాక్యంలో ఆమె కర్మకారకం. మొగుడు ఎలాంటివాడైనా వాక్యనిర్మాణం మారలేదు.

యుద్ధం అయ్యాక హార్లాన్ మీద మానవత్వానికి వ్యతిరేకమైన నేరం కింద హాంబర్గ్‌లో కేసు నడిచింది. గోబెల్స్ బలవంతపెడితే తీశానన్నాడు. 1949లో నిర్దోషి అన్నారు. పైకోర్టు ఆ తీర్పు కొట్టేసి మళ్లీ విచారించమంటే, 1950లో మళ్లీ నిర్దోషి అన్నారు. అతను సినిమాలు తియ్యడం మొదలుపెట్టాడు. 1933లో డోరా లాంటివాళ్ల చేతుల్లోంచి లాక్కున్న హక్కు, అంటే తన వృత్తి తను చేసుకునే హక్కు, అతనికి పదిలంగా తిరిగొచ్చింది.

అప్పుడు హాంబర్గ్ ప్రభుత్వంలో పత్రికా విభాగం చూసే ఎరిష్ ల్యూట్ అనే వ్యక్తి 1950 సెప్టెంబరులో బహిరంగంగా మాట్లాడాడు. హార్లాన్ సినిమాల్ని బహిష్కరించమన్నాడు. సినిమా కంపెనీలు కోర్టుకెళ్లి ల్యూట్ నోరు మూయిస్తూ ఆజ్ఞ తెచ్చుకున్నాయి. వ్యాపారానికి నష్టం కలిగిస్తున్నాడన్నది వాళ్ల ఫిర్యాదు. ల్యూట్ రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాడు. 1958 జనవరి 15న తీర్పు వచ్చింది. బహిష్కరణ పిలుపు కూడా భావప్రకటనా స్వేచ్ఛేననీ, ప్రాథమిక హక్కుల విలువలు పౌరులకీ పౌరులకీ మధ్య ఉండే మామూలు సివిల్ చట్టాల మీద కూడా ప్రసరిస్తాయనీ న్యాయస్థానం చెప్పింది. జర్మన్ రాజ్యాంగ చట్టంలో ఇది పునాది లాంటి తీర్పు. హక్కుల మీద పనిచేసేవాళ్లు తప్పక చదవాలి. ప్రాథమిక హక్కులు రాజ్యానికి ఎదురుగానేనా, యజమాని ముందూ కంపెనీ ముందూ ఏమైనా పనికొస్తాయా అని మన శిక్షణా తరగతుల్లో అడుగుతుంటారు కదా. ఆ ప్రశ్నతో ఈ తీర్పుకి సంబంధం ఉంది. చట్టం ఇంకా రాకముందే యూదుల్ని తీసేసిన ఊఫా లాంటి కంపెనీలను తల్చుకుంటూ చదివితే దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ కేసులో ఇద్దరు మగవాళ్ల పేర్లు నేర్చుకుంటారు. హార్లాన్ చేసిన నేరమేమిటో వివరించేటప్పుడు అరవై లక్షలు అనే అంకె వస్తుంది. ఆ అంకెలో ఒకామెకి పేరుంది, ఆమె అతనితోపాటు ఒకప్పుడు వేదికల మీద తిరిగింది. ఆమెని ఆ పాఠంలోకి తేవడం భార్య అన్న బంధుత్వం కోసం కాదు. ఒకే వృత్తి మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరికి పని పోయి, రెండోవారికి అదే ఏలుబడిలో పని పెరగడం ఎలా జరిగిందో అడగడం కోసం.

మన దగ్గర 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చాలామంది బతికే ఉన్నారు. వాళ్ల ముందు కూర్చుని మాటలు రికార్డు చేసుకోగలిగారు. నాయకుల భార్యలుగా, దళాలకి అన్నం వండిపెట్టినవాళ్లుగా ఉన్న పేర్లు సొంత గొంతుతో మాట్లాడాయి. డోరా దగ్గరికి టేప్ రికార్డరు పట్టుకెళ్లేవాళ్లు లేరు. ఆమె పిల్లలు చెప్పడానికి మిగల్లేదు. అందువల్ల ఆమె విషయంలో పని వేరే విధంగా చెయ్యాల్సి వస్తోంది. సినిమా జాబితాలు, రికార్డు కంపెనీ నంబర్లు, మృతుల పట్టికలు, ఇలా చిన్న చిన్న తునకలు ఏరుకోవాలి. అన్నీ కలిపినా రెండు పేజీలు నిండవు. హార్లాన్ మీద పుస్తకాలున్నాయి, అతని కుటుంబం మీద 2008లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. 'యూద్ స్యూస్'ని జర్మనీలో ఇవాళ కూడా పరిచయ ప్రసంగం, చర్చ లేకుండా ప్రదర్శించకూడదు. అది భద్రంగా ఉంది. 'మృత్యు బిడారు' లేదు.

ఈ వ్యాసం కోసం నా పాత కార్డు తీశాను. 'మొదటి భార్య' అన్నది కొట్టెయ్యలేదు, అది కూడా జరిగిన విషయమే. చివరికి జరిపాను. పైన ఇలా రాశాను: డోరా గెర్సన్, నటి, గాయని, బెర్లిన్. 1920లో రెండు సినిమాలు, తర్వాత క్యాబరే, లుక్రాఫోన్ పాటలు. 1933లో పని తీసేశారు. ఇద్దరు పిల్లలు, మిరియం, అబెల్.

ఆ పాటల్లో ఒకటి మొన్న మళ్లీ విన్నాను. పళ్లెం అరిగిన గరగర వెనక నుంచి వస్తుంది గొంతు, కొంచెం కిందిస్థాయిలో, తొందర లేకుండా. మూడు నిమిషాలు పాడుతుంది.